కంపెనీ తగ్గినా బండి నడవాలి: విద్యుత్ కార్ల పోటీపై ఒక పాఠం

ఈ పాఠంలో తెలుసుకొనే విషయాలు: విద్యుత్ కార్లను తయారు చేసే సంస్థల పరిస్థితి ఎందుకు ఇంత వేగంగా మారుతున్నది, ఒక సంస్థ అమ్మకాలు పెరుగుతున్నా దాని వాటా ఎలా తగ్గుతుంది, ఈ మార్పులు చాళ్లలో నివసించే కుటుంబాలను, డ్రైవర్లను, మెకానిక్కులను ఏ విధంగా తాకుతాయి, కొనేముందు అడగవలసిన ప్రశ్నలు ఏవి.

గిరాకీ వేరు, మిల్లు వేరు

ముంబయి తెలుగువారికి పరిశ్రమల ఉత్థానపతనాలు కొత్త విషయం కావు. నిజాం రాజ్యపు పల్లెల నుంచి వచ్చిన కామాఠీలు ఈ నగరానికి రోడ్లు వేసి, భవనాలు కట్టి, తమ పేరిట కామాఠిపురను నిలిపారు. వారి తర్వాత వచ్చిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాల చాళ్లలో కాపురముండి బట్టల మిల్లుల్లో మగ్గాలు నడిపారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. అటు తర్వాత అనేక మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు.

అయితే దేశంలో బట్ట నేయడం ఆగిపోలేదు. సమ్మెకు ముందునుంచే భివండీ, మాలేగావ్, ఇచల్‌కరంజీలలోని మరమగ్గాలు తక్కువ ఖర్చుతో నేస్తూ వచ్చాయి. నేత పని అటు తరలింది. తెలుగు నేతగాళ్లలో ఎందరో భివండీలోని పద్మానగర్‌కు చేరి అక్కడ తమ వృత్తిని కొనసాగించారు. బట్టకు గిరాకీ ఉన్నది. దానిని నేసిన పాత మిల్లుకే గిరాకీ లేకపోయింది. ఒక సరుకుకు ఉన్న భవిష్యత్తు వేరు, దానిని తయారు చేసే ఒక్కొక్క సంస్థకు ఉన్న భవిష్యత్తు వేరు అన్న సత్యం గిరణ్‌గావ్ ప్రజలకు అనుభవంతో తెలిసినదే. నేటి విద్యుత్ కార్ల రంగాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడాయే తొలి మెట్టు.

కుర్లా కారు మిగిల్చిన జ్ఞాపకం

కార్ల విషయంలోనూ ఈ నగరం ఒక సంస్థ ఎదుగుదలను, ముగింపును చూసింది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ కుర్లా కర్మాగారంలో కార్లు తయారు చేసేది. దాని ఫియట్ కారుకు 1970వ దశకంలో ప్రీమియర్ పద్మిని అన్న పేరు వచ్చింది. పోటీ లేని ఆ రోజుల్లో కారు కోసం పేరు నమోదు చేసుకొని ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అది చిన్నది, తేలికైనది, తక్కువ పెట్రోలుతో నడిచేది. కొనేవారు క్రమంగా అటు మళ్లారు. 2000 సంవత్సరం ప్రాంతంలో పద్మిని తయారీ ఆగిపోయింది.

ఇక్కడ గమనించవలసినది తర్వాతి కథ. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న నమోదైంది. టాక్సీలకు 20 ఏళ్ల వయోపరిమితి ఉన్నందున 2023 అక్టోబరు చివరన ఆ నలుపు-పసుపు బండ్లు రోడ్ల మీదినుంచి తప్పుకొన్నాయి. తయారీ ఆగిన తర్వాత కూడా రెండు దశాబ్దాల పాటు ఆ కారు ఎందరో టాక్సీ డ్రైవర్లకు అన్నం పెట్టింది. దానికి కారణం కంపెనీ కాదు, గల్లీ మెకానిక్. కార్బురేటరు, క్లచ్చు, బ్రేకు వంటి ప్రతి భాగం అతని చేతికి తెలిసినదే. విడిభాగాలు కుర్లాలోనూ, కామాఠిపురకు దగ్గరలోని చోర్ బజారులోనూ దొరికేవి. కంపెనీ పోయినా బండి బతికింది.

విద్యుత్ కారు విషయంలో అదే భరోసా ఉన్నదా? ఈ పాఠానికి కేంద్రమైన ప్రశ్న ఇదే.

రేవా నుంచి నేటి వరకు

భారతదేశంలో విద్యుత్ కార్ల ప్రయాణం పాతికేళ్లనాటిది. బెంగళూరుకు చెందిన రేవా సంస్థ 2001లో ఒక చిన్న విద్యుత్ కారును మార్కెట్‌లోకి తెచ్చింది. అది లండన్ వీధుల్లో జీ-విజ్ అన్న పేరుతో తిరిగింది. స్వదేశంలో మాత్రం కొన్నవారు తక్కువ. 2010లో మహీంద్రా సంస్థ రేవాలో సగానికి పైగా వాటాను కొన్నది. ఈ మహీంద్రా ప్రధాన కార్యాలయం వర్లీలోనే, బీడీడీ చాళ్లకు సమీపంలోనే ఉన్నది. 2013లో ఆ సంస్థ ఇ2ఓ అన్న కారును విడుదల చేసింది. అదీ పెద్దగా సాగలేదు. 2019లో ఆ వరుస నిలిచిపోయింది. దారి మొదట చూపినవారికే ఫలం దక్కాలన్న నియమం వ్యాపారంలో లేదు.

2020 జనవరిలో టాటా మోటార్స్ నెక్సాన్ ఈవీని తెచ్చింది. దాని తర్వాత టిగోర్, టియాగో, పంచ్ కార్ల విద్యుత్ రూపాలు వచ్చాయి. సుమారు నాలుగేళ్లపాటు దేశంలో విద్యుత్ కారు అంటే టాటా కారే అన్నంతగా పరిస్థితి ఉన్నది. 2021లో ఈ విభాగంలోకి విదేశీ మదుపరులు 7,500 కోట్ల రూపాయలు పెట్టడానికి ముందుకు వచ్చారు.

ఆ తర్వాత పోటీ ఒక్కసారిగా పెరిగింది. 2024 సెప్టెంబరులో జేఎస్‌డబ్ల్యూ ఎంజీ సంస్థ విండ్సర్ కారును విడుదల చేసింది. అది కొద్ది నెలల్లోనే అత్యధికంగా అమ్ముడయ్యే విద్యుత్ కార్ల వరుసలో ముందుకు చేరింది. 2024 నవంబరులో మహీంద్రా రెండు కొత్త కార్లను ప్రదర్శించి, 2025 మార్చి నుంచి కొన్నవారికి అందజేయసాగింది. ఒకప్పుడు వెనుకబడిన సంస్థే ఇలా తిరిగి నిలదొక్కుకొన్నది. 2025 జనవరిలో హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో వియత్నాంకు చెందిన విన్‌ఫాస్ట్ తమిళనాడులోని తూత్తుకుడిలో కర్మాగారం తెరిచింది. మారుతి తన తొలి విద్యుత్ కారు తయారీని గుజరాత్‌లో మొదలుపెట్టింది. 2025 జూలై 15న అమెరికాకు చెందిన టెస్లా తన తొలి భారతీయ దుకాణాన్ని ముంబయిలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లోనే తెరిచింది. అక్కడ కారు ప్రారంభ ధర దాదాపు 60 లక్షల రూపాయలు. దిగుమతి సుంకాల భారం ఆ ధరలో పెద్ద భాగం.

అమ్మకం వేరు, వాటా వేరు

వార్తాపత్రికల్లో ‘ఫలానా కంపెనీ వాటా పడిపోయింది’ అన్న శీర్షిక కనబడగానే ఆ కంపెనీ మునిగిపోతున్నదని భావించడం సరికాదు. ఈ లెక్కను నిదానంగా చూడాలి.

2024లో దేశమంతటా సుమారు ఒక లక్ష విద్యుత్ కార్లు అమ్ముడయ్యాయి. అందులో టాటా వాటా 60 శాతానికి పైన, అంటే 60 వేలకు మించిన కార్లు. 2025లో మొత్తం అమ్మకాలు లక్షా 75 వేలు దాటాయి. టాటా కార్లు సుమారు 70 వేలు అమ్ముడయ్యాయి. అంటే టాటా అమ్మిన కార్ల సంఖ్య పెరిగింది. కాని మొత్తంలో దాని వాటా 40 శాతం దరికి తగ్గింది. రొట్టె పెద్దదైంది, ముక్కా కొంత పెద్దదైంది, కాని మిగిలినవారి ముక్కలు ఇంకా వేగంగా పెరిగాయి.

కొనేవారికి ఈ తేడా ఎందుకు ముఖ్యం? వాటా తగ్గినా అమ్మకాలు పెరుగుతున్న సంస్థ తన సర్వీసు కేంద్రాలను మూసివేయవలసిన అవసరం ఉండదు. అమ్మకాలే తగ్గిపోతున్న సంస్థ విషయం వేరు. అది ఖర్చు తగ్గించుకొనే క్రమంలో మొదట చిన్న పట్టణాల సర్వీసు కేంద్రాలను, విడిభాగాల నిల్వను తగ్గించే ప్రమాదం ఉన్నది. అందుచేత శీర్షికలోని శాతాన్ని మాత్రమే గాక, ఎన్ని కార్లు అమ్ముడవుతున్నాయో కూడా చూడాలి.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే మార్పు జరిగింది. టెస్లా 2023లో సుమారు 18.1 లక్షల కార్లు, 2024లో 17.9 లక్షలు, 2025లో 16.4 లక్షలు అందజేసింది. ఇది వాటా తగ్గడం మాత్రమే కాదు, అమ్మకాలే తగ్గడం. చైనాకు చెందిన బీవైడీ పూర్తి విద్యుత్ కార్ల అమ్మకాలు 2024లో సుమారు 17.6 లక్షలు కాగా, 2025లో 22 లక్షలు దాటాయి. దీనితో మొదటి స్థానం చేతులు మారింది. అయినా గెలిచినవారికీ సుఖం లేదు. చైనాలో ధరలు తగ్గించే పోరు తీవ్రం కావడంతో 2025 మధ్య నెలల్లో బీవైడీ లాభాలు కూడా పడిపోయాయి.

పోటీ ఇంతగా ఎందుకు పెరిగింది

దీనికి మొదటి కారణం బ్యాటరీ. విద్యుత్ కారు ఖర్చులో అత్యంత పెద్ద భాగం అదే. బ్యాటరీ పరిమాణాన్ని కిలోవాట్-అవర్లలో చెబుతారు. ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవరే. తొలి నెక్సాన్ ఈవీ బ్యాటరీలో సుమారు 30 యూనిట్ల కరెంటు నిల్వ ఉండేది. ప్రపంచ సగటున ఒక యూనిట్ నిల్వ చేయగల బ్యాటరీ ధర 2010లో వెయ్యి డాలర్లకు పైన ఉండేది. 2024 నాటికి 115 డాలర్లకు దిగింది. అంటే 30 యూనిట్ల బ్యాటరీకి ఒకప్పుడు 30 వేల డాలర్లు దాటిన ఖర్చు ఇప్పుడు మూడున్నర వేల డాలర్ల దరికి వచ్చింది. బ్యాటరీ చవకైన కొద్దీ కొత్తవారు రంగంలోకి దిగడం సులభమవుతుంది. బీవైడీ బలం కూడా ఇక్కడిదే. 1995లో షెంజెన్ నగరంలో అది బ్యాటరీల తయారీ సంస్థగానే పుట్టింది.

ధర తగ్గడం కొత్తగా కొనేవారికి లాభం, ముందుగా కొన్నవారికి నష్టం. 2024 ఫిబ్రవరిలో బ్యాటరీ ధరలు తగ్గాయని చెబుతూ టాటా సంస్థ నెక్సాన్ ఈవీ ధరను 1.20 లక్షల రూపాయల వరకు తగ్గించింది. ఒక నెల ముందు పూర్తి ధరకు కొన్న కుటుంబం బండి విలువ కూడా ఆ మేరకు తగ్గిపోయినట్లే. బ్యాంకు వాయిదా మాత్రం తగ్గదు.

రెండవ కారణం ప్రభుత్వ విధానం. విద్యుత్ వాహనాలపై జీఎస్టీని 2019 ఆగస్టు 1 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. మహారాష్ట్ర 2021లోనూ, మళ్లీ 2025లోనూ ప్రత్యేక విధానాలు ప్రకటించింది. ఈ అనుకూలత ఎప్పటికీ ఒకే తీరున ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై పన్ను 28 శాతం, దానిపై సెస్సు అన్న స్థితి నుంచి 18 శాతానికి దిగింది. విద్యుత్ కార్లపై 5 శాతం అలాగే ఉన్నది. రెండింటి మధ్య దూరం తగ్గింది. రాయితీనే నమ్ముకొని నిలిచిన సంస్థకు ఇటువంటి మార్పు పరీక్షాసమయం.

తెలుగు నేలకు ఈ పోటీతో ఉన్న సంబంధం

ముంబయి తెలుగువారు విద్యుత్ వాహనంలో మొదట ఎక్కినది బహుశా కారు కాదు, బెస్ట్ బస్సు. 2017 నవంబరులో బెస్ట్ నడిపిన తొలి విద్యుత్ బస్సులు హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ, బీవైడీ సాంకేతికతతో తయారు చేసినవి. ఆ సంస్థే తర్వాత ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ అన్న పేరుతో మేఘా ఇంజనీరింగ్ సమూహంలో చేరింది.

2022లో బెస్ట్ భారీ సంఖ్యలో విద్యుత్ బస్సులకు టెండర్లు పిలిచినప్పుడు టాటా మోటార్స్, మేఘా సమూహానికే చెందిన ఈవీ ట్రాన్స్ పోటీ పడ్డాయి. టాటా టెండరును సాంకేతిక కారణంపై తిరస్కరించడంతో వివాదం బొంబాయి హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 మే 19న సుప్రీంకోర్టు టాటా తిరస్కరణను సమర్థించి, హైదరాబాదు సంస్థ ఎంపికను రద్దు చేసిన తీర్పును పక్కనపెట్టింది. ఆ సంస్థకు దక్కిన 2,100 బస్సుల అందజేత మాత్రం అనుకొన్న వేగంతో సాగలేదు. ఆర్డరు గెలవడం ఒక పని, సమయానికి సరుకు అందించడం మరొక పని. ఈ రెంటి మధ్య ఆలస్యమైతే బస్ స్టాపులో నిరీక్షించేది ప్రయాణికుడే.

బీవైడీతో కలిసి హైదరాబాదులో విద్యుత్ కార్లు, బ్యాటరీలు తయారు చేయాలని మేఘా సంస్థ సుమారు 100 కోట్ల డాలర్ల ప్రతిపాదన చేసింది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం దానిని అంగీకరించలేదు. సరిహద్దు దేశాల పెట్టుబడులకు 2020 నుంచి ముందస్తు అనుమతి తప్పనిసరి. ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిన కంపెనీ కూడా ఒక దేశపు ద్వారం వద్ద ఆగిపోవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

మరొక విషయం పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలకు ప్రత్యేకంగా గుర్తుండదగినది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి వద్ద అమరరాజా సంస్థ బ్యాటరీ సెల్లుల కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన చేసింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి పెట్టాలన్నది ప్రణాళిక. కూలి పనికై తరతరాలుగా ముంబయి బస్సు ఎక్కిన జిల్లాలోనే ఈ కొత్త పరిశ్రమ వేరూనుతున్నది. అయితే బ్యాటరీ రంగంలోనూ పోటీ తీవ్రమే. యూరప్ ఆశలు పెట్టుకొన్న స్వీడన్ సంస్థ నార్త్‌వోల్ట్ 2025 మార్చిలో దివాలా తీసింది. కనుక అటు పనికి పోదలచిన యువకులు ఒక్క కర్మాగారాన్ని గాక, ఎక్కడైనా చెల్లే నైపుణ్యాన్ని నమ్ముకోవడం క్షేమం.

కంపెనీ పడిపోతే బండి ఏమవుతుంది

పద్మిని విషయంలో మెకానిక్ చేసిన పనిని విద్యుత్ కారు విషయంలో చేయడం కష్టం. ఈ కారులో కదిలే భాగాలు తక్కువ. కార్బురేటరు లేదు, సైలెన్సర్ లేదు. కాని దాని ప్రాణం మూడు చోట్ల ఉన్నది: బ్యాటరీ, దానిని నియంత్రించే ఎలక్ట్రానిక్ భాగం, సాఫ్ట్‌వేర్. ఈ మూడింటి తాళం చాలావరకు కంపెనీ చేతిలోనే ఉంటుంది. లోపాన్ని గుర్తించే పరికరం, సాఫ్ట్‌వేర్ మార్పు, సరిపోయే బ్యాటరీ కంపెనీ నుంచే రావాలి.

అమెరికాకు చెందిన ఫిస్కర్ సంస్థ 2024 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. అంతకుముందు అది వేలాది ఓషన్ కార్లను అమ్మింది. బండ్లు కొత్తవి, మోటార్లు బాగానే ఉన్నవి. కాని విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, సాఫ్ట్‌వేర్ ఎవరు సరిచేస్తారో తెలియక యజమానులు చిక్కుల్లో పడ్డారు. చివరకు వారే ఒక సంఘంగా ఏర్పడి ఆ పనులు చూసుకోవలసి వచ్చింది. పద్మినిని కాపాడినది గల్లీ. ఈ కారును కాపాడడానికి గల్లీ చాలలేదు.

బండి తయారీదారు మాత్రమే గాక, బండ్లు నడిపే సంస్థ పడిపోయినా నష్టం కార్మికునిదే. విద్యుత్ టాక్సీలు నడిపిన బ్లూస్మార్ట్ సంస్థకు కార్లను లీజుకు ఇచ్చిన జెన్సోల్‌పై 2025 ఏప్రిల్‌లో సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కార్ల కోసం తీసుకొన్న రుణం వేరే అవసరాలకు మళ్లిందని అందులో పేర్కొన్నది. కొద్దిరోజుల్లోనే టాక్సీ సేవలు ఆగిపోయి వేలాది డ్రైవర్లు పని కోల్పోయారు. కార్లలో లోపం లేదు. వాటి వెనుకనున్న ఆర్థిక వ్యవహారం కూలింది.

కొనేముందు చాల్ కుటుంబం వేసుకోవలసిన లెక్క

పది లక్షల రూపాయల కారును ఏడేళ్ల వాయిదాలపై ఒక కుటుంబం కొన్నదని అనుకొంటే, ఆ కంపెనీ ఏడేళ్లపాటు నిలబడి సర్వీసు ఇవ్వగలదా అన్నది ఆ కుటుంబపు సొంత సమస్య అవుతుంది. 2019లో నెక్సాన్ ఈవీ లేదు, విండ్సర్ లేదు, ఇ2ఓ ఆ ఏడాదే తెరమరుగైంది. రాబోయే ఏడేళ్లు కూడా ఇలాగే మారవచ్చు. కనుక ధర తర్వాత ఈ క్రింది అంశాలను పరిశీలించాలి.

ఒకటి, వారంటీ ఎవరికి. కొన్ని కంపెనీలు బ్యాటరీకి జీవితకాల వారంటీ ఇస్తున్నాయి. అది సాధారణంగా మొదటి వ్యక్తిగత యజమానికే వర్తిస్తుంది. టాక్సీగా నమోదు చేస్తే, లేదా పాత బండిగా కొంటే షరతులు వేరు. కాగితం మీద రాసి ఉన్నదే వారంటీ; దుకాణంలో నోటిమాటగా చెప్పినది కాదు.

రెండు, బ్యాటరీ ఎవరిది. విండ్సర్ విడుదలైనప్పుడు కారు ధర 9.99 లక్షల రూపాయలుగానూ, బ్యాటరీ అద్దె కిలోమీటరుకు 3.50 రూపాయలుగానూ ప్రకటించారు. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే అద్దె 5,250 రూపాయలు. ఛార్జింగ్ ఖర్చు దీనికి అదనం. తక్కువ తిరిగినా కట్టవలసిన కనీస మొత్తం ఉన్నదా, అద్దె ఒప్పందం ఏ ఫైనాన్స్ సంస్థతో, బండి అమ్మదలిస్తే ఆ ఒప్పందం ఏమవుతుంది అన్నవి సంతకానికి ముందే అడగాలి.

మూడు, సర్వీసు ఎక్కడ. ముంబయిలో కేంద్రం ఉన్నంత మాత్రాన చాలదు. సెలవులకు ఊరికి పోయే కుటుంబం సోలాపూర్ దారిలోనూ, సొంత జిల్లాలోనూ సర్వీసు, ఛార్జింగ్ ఉన్నవో లేవో చూసుకోవాలి.

నాలుగు, ఛార్జింగ్ ఎలా. కొలాబా నుంచి మాహిం, సయన్ వరకు ఉన్న ద్వీపనగరానికి కరెంటు అందించేది బెస్ట్. కామాఠిపుర, వర్లీ, లోయర్ పరేల్ అందులోనివే. పాత చాళ్లలోని వైరింగ్ పెద్ద భారానికి వేసినది కాదు. మూడవ అంతస్తు వరండా నుంచి పొడుగు తీగ వేలాడదీసి కారును ఛార్జ్ చేయడం ప్రాణాలకు ముప్పు. సరైన ఎర్తింగ్‌తో ప్రత్యేక కనెక్షన్ కోసం విద్యుత్ సంస్థను సంప్రదించాలి. ఛార్జింగ్ స్టేషన్ నడపడానికి విద్యుత్ చట్టం కింద లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో స్పష్టం చేసింది. కనుక చాల్ సంఘం కలిసికట్టుగా ఒక ఉమ్మడి ఛార్జర్ గురించి ఆలోచించవచ్చు.

ఐదు, పునర్నిర్మాణంలో చోటు. వర్లీ బీడీడీ చాళ్ల కొత్త భవనాల్లో తొలి 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో తాళంచెవులు అందాయి. కామాఠిపుర పునర్నిర్మాణ పనిని మ్హాడా చేపట్టింది. కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం స్థలం విద్యుత్ వాహనాల ఛార్జింగ్‌కు అనువుగా ఉండాలని 2019లో సవరించిన కేంద్ర నమూనా భవన నిబంధనలు సూచిస్తున్నాయి. నక్షా ఖరారయ్యే సమావేశాల్లోనే ఈ ప్రశ్న లేవనెత్తాలి. గోడలు లేచిన తర్వాత తీగలు వేయించడం ఎన్నో రెట్లు ఖర్చు.

మెకానిక్‌కు ఈ మార్పు చెప్పేది

పెట్రోలు బండ్లు రేపే మాయం కావు. కాని గ్యారేజీలో పనిచేసే యువకుడు వచ్చే పదేళ్లను దృష్టిలో ఉంచుకోవాలి. ప్రభుత్వ ఐటీఐ కోర్సుల్లో ‘మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్’ అన్న రెండేళ్ల కోర్సు చేరింది. ఎక్కువ వోల్టేజీతో సురక్షితంగా పనిచేయడం, బ్యాటరీ లోపాలను గుర్తించడం వంటివి ఇందులో ముఖ్యం. ఇవి ఏ ఒక్క కంపెనీకీ చెందిన విద్యలు కావు. టాటా బండికైనా, మహీంద్రా బండికైనా, బస్సుకైనా పనికివస్తాయి. మిల్లు మూతపడినప్పుడు నేత తెలిసిన చేయి భివండీలో పని వెతుక్కొన్నది. చేతిలోని విద్య కంపెనీ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

హక్కు ఎక్కడ అడగాలి

వారంటీ మాట తప్పినా, సర్వీసు నిరాకరించినా వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే అవకాశాన్ని ఆ చట్టం ఇచ్చింది. బిల్లు, వారంటీ పత్రం, రుణ ఒప్పందం, సర్వీసు రసీదులు అన్నీ ఒకే చోట భద్రపరచుకోవాలి. కంపెనీ దివాలా తీస్తే బాకీలు వసూలు చేసుకొనేవారి వరుసలో బ్యాంకులు ముందుంటాయి. కారు కొన్నవారి స్థానం చాలా వెనుక. అందుకే ఫిర్యాదును వాయిదా వేయక, కంపెనీ నడుస్తున్న రోజుల్లోనే చేయడం మేలు.

ఆలోచనకు ప్రశ్నలు

1. ఒక కంపెనీ గత ఏడాది 100 కార్లలో 60 అమ్మింది. ఈ ఏడాది 200 కార్లలో 80 అమ్మింది. దాని అమ్మకం పెరిగిందా, తగ్గిందా? దాని వాటా పెరిగిందా, తగ్గిందా?

2. తయారీ ఆగిన తర్వాత కూడా ప్రీమియర్ పద్మిని టాక్సీలు ఎందుకు నడవగలిగాయి? ఫిస్కర్ కార్లకు ఆ వీలు ఎందుకు లేకపోయింది?

3. బ్యాటరీ అద్దె కిలోమీటరుకు 3.50 రూపాయలైతే నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే టాక్సీకి అద్దె ఎంత? వాయిదా, ఛార్జింగ్ ఖర్చు కలిపి చూస్తే రోజుకు ఎంత సంపాదించాలి?

4. తమ చాల్‌లో ఉమ్మడి ఛార్జర్ ఏర్పాటు చేయాలంటే స్థలం, తీగ, మీటరు, ఖర్చు పంపకం అనే నాలుగు విషయాల్లో ఏ నిర్ణయాలు అవసరం? తదుపరి సంఘ సమావేశంలో చర్చించి రాసుకొనండి.